ఖని దాటి వెళ్లే నర్సమ్మకు



రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి, భూపాలపల్లి, కొత్తగూడెం. ఈ ఊళ్లలో నర్సింగ్ చదువుతున్న పిల్లలు, చదువు ముగించి ఏదో ఒక దవాఖానలో డ్యూటీ చేస్తున్నవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు ఈ ప్రసంగం వింటారని నా ఆశ. ఈ మధ్య మీలో చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ట్రావెల్ నర్సు కావాలంటే ఏం చెయ్యాలి? వార్డుల్లో పనిచేసిన మనిషిగా, నర్సింగ్ పిల్లలకు పాఠం చెప్పిన మనిషిగా నాకు తెలిసిన జవాబు చెబుతాను.

మన దగ్గర కొలువంటే ఇంతకాలం ఒక చోటికి కట్టుబడిన సంగతి. బాపు బొగ్గుబాయిలో దిగేవాడు. ఆయన మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుకు దిగేవాడు. క్వార్టరు, దవాఖాన, బడి అన్నీ ఆ కొలువుతోపాటే వచ్చేవి. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుకు వచ్చారు. భూగర్భ గనులు మూతపడుతూ ఓపెన్‌కాస్టులు పెరిగాయి, మనుషుల పని యంత్రాలు చేస్తున్నాయి. డిపెండెంట్ ఉద్యోగం ఒక బిడ్డకు దొరికినా రెండో బిడ్డ, మూడో బిడ్డ వేరే దారి వెతుక్కోవాల్సిందే. మన ఆడపిల్లలకు ఆ వెతుకులాటలో దొరికిన గట్టి దారి నర్సింగ్. 2022 నవంబరులో తెలంగాణలో ఒకేసారి మొదలైన ఎనిమిది ప్రభుత్వ వైద్య కళాశాలల్లో మూడు మన బొగ్గుబెల్టులోనే ఉన్నాయి: రామగుండం, మంచిర్యాల, కొత్తగూడెం. రామగుండం కళాశాలకు 500 కోట్ల రూపాయలు ఇచ్చేందుకు సింగరేణే ముందుకొచ్చింది. వైద్య కళాశాల వచ్చిందంటే పెద్ద దవాఖాన వచ్చినట్టు, అందులో ఐసీయూలు వచ్చినట్టు. నర్సు పని నేర్చుకునే చోటు మన ఇంటికి దగ్గరైంది.

ఊరు దాటి వెళ్లే నర్సు మనకు కొత్త కాదు. పాతకాలం కార్మికులను అడగండి, మన దవాఖానల్లో తమకు సూది వేసిన మలయాళీ సిస్టర్లను గుర్తు చేసుకుంటారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో భాష రాని ఊరికి రైలెక్కి వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు, మన పండుగలు చేశారు, మన బిడ్డలకు పురుడు పోశారు. కొందరు ఇక్కడే స్థిరపడ్డారు, కొందరు గల్ఫ్‌కు, అక్కడి నుంచి ఇంకా దూరానికి వెళ్లారు. వాళ్లు ఏ ఊళ్లో ఉన్నా నర్సులుగానే ఉన్నారు. కొలువు మారినా వృత్తి మారలేదు. మన పిల్లలు వాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది ఆ పట్టుదల.

ఇప్పుడు అమెరికా సంగతి. ట్రావెల్ నర్సు అనే పద్ధతి అక్కడిది. ఒక దవాఖానలో నర్సులు తక్కువపడితే ఏజెన్సీ ద్వారా కొన్ని వారాలకు నర్సును పిలిపించుకుంటారు. మామూలుగా పదమూడు వారాల ఒప్పందం. వారానికి పన్నెండు గంటల షిఫ్టులు మూడు. గడువు ముగిశాక అక్కడే పొడిగించుకోవచ్చు, లేదా ఇంకో రాష్ట్రం వెళ్లొచ్చు. చలికాలంలో ఉత్తరాది పెద్దవాళ్లు ఎండ కోసం ఫ్లోరిడాకు, అరిజోనాకు తరలిపోతారు, వాళ్ల వెనకే అక్కడి దవాఖానల్లో రద్దీ, ట్రావెల్ నర్సుల అవసరం పెరుగుతాయి. 2020లో కరోనా న్యూయార్క్‌ను కుదిపేసినప్పుడు దేశం నలుమూలల నుంచి నర్సులు అక్కడికి వెళ్లారు. అప్పటి నుంచి రెండేళ్లలో ట్రావెల్ నర్సుల జీతాలు ఎన్నడూ లేనంత పెరిగాయి, తర్వాత బాగా తగ్గాయి. మీరు వీడియోల్లో చూస్తున్న జీతం అంకెలు చాలావరకు ఆ రోజులవని గమనించండి.

అక్కడ నర్సు లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది. ఒక రాష్ట్రం ఇచ్చిన లైసెన్సుతో మిగతా రాష్ట్రాల్లోనూ పనిచేసే ఒడంబడికలో నలభైకి పైగా రాష్ట్రాలు చేరాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్ చేరలేదు, వాటికి లైసెన్సు విడిగా తెచ్చుకోవాలి. లైసెన్సుకు ఎన్‌క్లెక్స్ పరీక్ష రాయాలి. ఆ పరీక్ష హైదరాబాద్‌లోనే రాయొచ్చు. కంప్యూటర్ మీద మీ జవాబును బట్టి తర్వాతి ప్రశ్న వస్తుంది. తక్కువంటే 85 ప్రశ్నలు, ఎక్కువంటే 150, సమయం ఐదు గంటలు. మందు పేరు బట్టీపట్టినంత మాత్రాన గట్టెక్కే పరీక్ష కాదిది. నలుగురు రోగులున్నప్పుడు ముందు ఎవరి మంచం దగ్గరికి వెళ్తావు అని అడుగుతుంది. నిజంగా నలుగురు రోగులను చూసుకున్న పిల్లకే ఆ ప్రశ్న అర్థమవుతుంది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. గోదావరిఖని నుంచి నేరుగా వెళ్లి అమెరికాలో ట్రావెల్ నర్సుగా చేరే వీసా అంటూ ఒకటి లేదు. విదేశీ నర్సులు ఎక్కువగా వెళ్లేది ఈబీ-త్రీ అనే గ్రీన్‌కార్డు వరుసలో. ఆ వరుసలో మన దేశంలో పుట్టినవాళ్ల వంతు పదేళ్లకు పైగా వెనక నడుస్తోంది. వంతు వచ్చి వెళ్లినా, తీసుకెళ్లిన సంస్థ దగ్గర రెండు మూడేళ్లు పనిచేస్తామని ఒప్పందం ఉంటుంది. అది తీరాకే మనకిష్టమైన ఊరు ఎంచుకునే స్వేచ్ఛ. మన తెలుగు ఆడపిల్లల్లో కొందరికి ఇంకో దారి దొరికింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే భర్తతో డిపెండెంట్ వీసా మీద వెళ్లి, 2015 మే నుంచి ఆ వీసా ఉన్న కొందరికి ఇస్తున్న పని అనుమతి తీసుకుని, ఎన్‌క్లెక్స్ రాసి, మళ్లీ నర్సు యూనిఫాం వేసుకున్నారు. నర్సింగ్ చదివి పెళ్లయ్యాక అమెరికా వెళ్లి ఇంట్లోనే ఉండిపోయిన చెల్లెళ్లు మన బెల్టు కుటుంబాల్లో ఉన్నారు. వాళ్లకు ఎవరైనా ఈ మాట చేరవేస్తే నాకు సంతోషం.

అందుకని అమెరికా పేరు ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు మూడు కోట్ల మంది నర్సులున్నారు, ఇంకా 58 లక్షల మంది తక్కువ. పనిచేస్తున్న ప్రతి ఏడుగురిలో ఒకరు వేరే దేశంలో పుట్టినవాళ్లే. దారులు చాలా ఉన్నాయి.

జర్మనీ దారి చూడండి. ట్రిపుల్ విన్ అనే కార్యక్రమాన్ని జర్మనీ ప్రభుత్వ సంస్థలు 2013 నుంచి నడుపుతున్నాయి. మన దేశంలో కేరళ తర్వాత తెలంగాణ దానిలో భాగస్వామి అయింది. ఇక్కడ ఆ పని చూసేది టామ్‌కామ్, అంటే రాష్ట్ర కార్మిక శాఖ కింద ఉన్న విదేశీ ఉద్యోగాల సంస్థ. హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ ప్రాంగణంలో దాని కార్యాలయం ఉంది. ఈ దారిలో జర్మన్ భాష ఇక్కడే బీ-వన్ స్థాయి దాకా నేర్పుతారు, ఆ ఖర్చు నర్సు మీద పడదు. అక్కడికి వెళ్లాక మన చదువును వాళ్ల చదువుతో సరిపోల్చి గుర్తింపు ఇచ్చేదాకా సహాయకురాలిగా పనిచెయ్యాలి. అది అవమానమేమీ కాదు, ఆ దేశం పద్ధతి. గుర్తింపు వచ్చాక పూర్తి నర్సు హోదా, పూర్తి జీతం.

జర్మనీ గురించి మాట్లాడేటప్పుడు పని తీరు గురించి ఎవరూ చెప్పరు. నేను చెబుతాను. మన దవాఖానల్లో రోగి వెంట ఇంటివాళ్లుంటారు. తినిపించేది తల్లి, ఒళ్లు తుడిచేది భార్య, బెడ్‌ప్యాన్ పెట్టేది కొడుకు. నర్సు సెలైన్ ఎక్కిస్తుంది, ఇంజెక్షన్ ఇస్తుంది, కేస్‌షీట్ రాస్తుంది. జర్మనీలో రోగికి స్నానం చేయించేది, అన్నం తినిపించేది, పక్క మార్చేది నర్సే. అది వాళ్ల దృష్టిలో నర్సింగ్‌కు గుండెకాయ. చేతికి కాన్యులా పెట్టేది, రక్తం తీసేది చాలాచోట్ల డాక్టరు. ఐసీయూలో వెంటిలేటర్ రోగిని ఒంటిచేత్తో చూసుకున్న పిల్ల అక్కడికి వెళ్లి, ‘నన్ను ఆయాను చేశారు’ అని ఏడ్చిందంటే ఆ ఏడుపు నాకు అర్థమవుతుంది. కానీ ఎనభై ఏళ్ల ముసలమ్మకు మర్యాద చెడకుండా ఒళ్లు కడగడం సూది వెయ్యడం కంటే చిన్న పని అని నేను ఒప్పుకోను. పుండ్లు పడకుండా పక్క మార్చడం, మింగలేని మనిషికి ఊపిరితిత్తుల్లోకి పోకుండా తినిపించడం పుస్తకంలో అర పేజీ, వార్డులో జీవితకాలం పాఠం. వెళ్లేముందే ఈ సంగతి తెలిసి వెళ్తే మనసు విరగదు.

ఇంగ్లండ్ దారిలో రెండు పరీక్షలు. ఒకటి ఇక్కడే కంప్యూటర్ మీద, ఇంకోటి అక్కడికి వెళ్లాక చేతల్లో చూపించాల్సింది. ముందుగా ఇంగ్లిష్ పరీక్ష గట్టెక్కాలి. ఈ మధ్య అక్కడ విదేశీ నియామకాలు బాగా తగ్గాయి. నర్సు వీసా, కేర్ వర్కర్ వీసా ఒకటి కావు. రెండోదాని మీద బయటి దేశాల నుంచి కొత్తవాళ్లను తీసుకోవడం 2025 జూలైలో ఆపేశారు. ఇప్పుడు కూడా కేర్ వీసా ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే. జపాన్‌లో వృద్ధుల సంరక్షణ, ఇజ్రాయెల్‌లో ఇంటి దగ్గరి సంరక్షణ ఉద్యోగాలు కూడా గౌరవమైన పనులే. కానీ అవి నర్సు లైసెన్సుతో చేసే పనులు కావు. అవి ఎంచుకుంటే తెలిసి ఎంచుకోండి. నాలుగేళ్లు చదివిన బీఎస్సీ నర్సింగ్ పక్కన పడుతుందని, మళ్లీ నర్సుగా వేరే దేశం వెళ్లాలంటే మధ్యలో ఆ ఖాళీ అడ్డొస్తుందని ఎవరూ ముందు చెప్పరు.

దేశం దాటాలనే నియమం కూడా లేదు. అఖిల భారత వైద్య సంస్థలు, అంటే ఎయిమ్స్ అన్నీ కలిసి నార్‌సెట్ అనే ఒకే పరీక్షతో నర్సింగ్ ఆఫీసర్లను తీసుకుంటాయి. పోస్టింగ్ బీబీనగర్ రావొచ్చు, మంగళగిరి రావొచ్చు, రిషికేశ్ రావొచ్చు. సైన్యంలో మిలిటరీ నర్సింగ్ సర్వీసు 1888 నుంచి ఉంది. ఎంపికైన ఆడపిల్ల లెఫ్టినెంట్ హోదాతో మొదలై, బదిలీ మీద బదిలీ అవుతూ దేశమంతా తిరుగుతుంది. ప్రభుత్వ జీతంతో, ప్రభుత్వ గౌరవంతో ఊరూరా తిరిగే నర్సు కొలువు ఇంతకంటే ఏముంటుంది? మన పిల్లలు ఈ రెంటి వైపు తక్కువగా చూస్తున్నారని నా బాధ.

ఏ దారి పట్టినా మొదటి మెట్టు ఇక్కడే ఉంది. అది వార్డు. ఎక్కువ దేశాలు, ఎక్కువ దవాఖానలు రెండేళ్ల అనుభవం అడుగుతాయి. ఆ రెండేళ్లు సర్టిఫికెట్ మీద ముద్ర కోసం గడిపితే ప్రయోజనం లేదు. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నప్పుడు మన సింగరేణి రెస్క్యూ బృందాలు నల్లమలకు వెళ్లాయి. ఆ మనుషులు అప్పటికప్పుడు తయారైనవాళ్లు కాదు. ఇక్కడ రెస్క్యూ స్టేషన్‌లో మాస్కు వేసుకుని, పొగలో, చీకట్లో, ఇరుకులో ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు. అందుకే తెలియని సొరంగంలోకి కూడా ధైర్యంగా అడుగుపెట్టగలిగారు. ట్రావెల్ నర్సు కూడా అంతే. కొత్త దవాఖానలో ఆమెకు ఒకటి రెండు రోజులు చుట్టూ చూపిస్తారు, మూడో రోజు నుంచి రోగులను అప్పజెబుతారు. మందుల అలమర ఎక్కడుందో తెలియకపోవచ్చు. రోగి ఊపిరి తీరు మారిందని మాత్రం చూడగానే తెలియాలి.

ఆ చూపు మన వార్డుల్లో వచ్చినంతగా ఇంకెక్కడా రాదని నేను నమ్ముతాను. మన దగ్గరికి బొగ్గుదుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో రిటైరైన కార్మికులొస్తారు. పైకప్పు కూలి నడుము నలిగినవాళ్లు, కాళ్లు నలిగినవాళ్లు వస్తారు. రాజీవ్ రహదారి మీద బండి పడ్డవాళ్లు, ఎండాకాలంలో వడదెబ్బ తగిలినవాళ్లు, పాముకాటు పడ్డవాళ్లు వస్తారు. ఆక్సిజన్ ఎంత పెట్టాలో, ఆయాసపడే మనిషిని ఎలా కూర్చోబెట్టాలో, దెబ్బ తగిలిన మెడను కదలకుండా ఎలా పట్టుకోవాలో రోజూ చూసే చోటు ఇది. మెడికల్ వార్డులో కొంతకాలం చేసి, ఐసీయూనో, ఎమర్జెన్సీనో, ఆపరేషన్ థియేటరో, డయాలసిసో ఏదో ఒకటి గట్టిగా పట్టుకోండి. ‘అన్నీ వచ్చు’ అన్న నర్సు కంటే ‘ఐసీయూ మూడేళ్లు చేశాను’ అన్న నర్సును ముందు పిలుస్తారు. ప్రాణాధార చికిత్స కార్డులు, అదే బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్, రెండేళ్లకోసారి తిరిగి తీసుకోవాలి. వాటి గడువు పోనివ్వొద్దు. కేస్‌షీట్ ఇంగ్లిష్‌లో వాక్యాలుగా రాయడం అలవాటు చేసుకోండి. షిఫ్టు మారేటప్పుడు రోగిని అప్పగించే మాటలు కూడా ఇంగ్లిష్‌లో గట్టిగా చెప్పి చూడండి. ఇంగ్లిష్ పరీక్షకు వేరే ట్యూషన్ అవసరం సగం తగ్గుతుంది.

ఇక కాగితాలు. మన బొగ్గుబెల్టుకు ప్రత్యేకమైన చిక్కు ఇక్కడుంది. మారుపేర్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. వెనకటి రోజుల్లో ఇంకొకరి పేరు మీద బాయిలో చేరినవాళ్లున్నారు, ఊళ్లో ఒక పేరు, మస్టర్‌లో ఒక పేరు ఉన్నవాళ్లున్నారు. వారసత్వ ఉద్యోగాలకు అది ఎంత అడ్డమైందో యూనియన్ల నాయకులకు తెలుసు. అదే చిక్కు ఇప్పుడు బిడ్డల పాస్‌పోర్టుకు వస్తోంది. పదో తరగతి మెమోలో తండ్రి పేరు ఒకటి, సింగరేణి కార్డులో ఇంకోటి, ఆధార్‌లో మూడోది. దీనికి తోడు మన ఇంటిపేర్లు. మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, నర్సింగ్ కౌన్సిల్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు. గల్ఫ్ దేశాలకు వెళ్లేవాళ్ల కాగితాలను డేటాఫ్లో అనే సంస్థ ద్వారా నేరుగా కళాశాలకు, కౌన్సిల్‌కు, దవాఖానకు రాసి సరిచూస్తారు. ఒక్క అక్షరం తేడాకు నెలలు ఆగిపోతుంది. పరీక్ష పాసైనా తండ్రి పేరు దగ్గర ఇరుక్కున్న పిల్లల్ని చూశాను. నర్సింగ్ మొదటి సంవత్సరంలోనే, తల్లిదండ్రులారా, కూర్చుని అన్ని కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే గెజిట్‌లో పేరు మార్పో, అఫిడవిట్టో, మెమో దిద్దుబాటో ఆ రోజే మొదలుపెట్టండి.

రాష్ట్ర విభజనకు ముందు చదివినవాళ్లకు ఇంకో పని. మీ డిగ్రీ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానిది, తర్వాతివాళ్లది వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయానిది. మార్కుల ట్రాన్‌స్క్రిప్టు ఎక్కడి నుంచి రావాలో, మీ పేరు ఏ కౌన్సిల్‌లో నమోదై ఉందో ముందే తెలుసుకోండి. పనిచేసిన ప్రతి దవాఖాన నుంచి, మానేసిన రోజునే, చేసిన విభాగం, మంచాల సంఖ్య, తేదీలు రాసిన అనుభవ పత్రం తీసుకోండి. చిన్న నర్సింగ్ హోములు మూతపడతాయి, తర్వాత అడగడానికి మనిషుండడు.

డబ్బు మాట. మన పాత కరీంనగర్ జిల్లాలో గల్ఫ్ ఏజెంటు చేతిలో మోసపోని ఊరు లేదు. విజిట్ వీసా మీద పంపడం, అక్కడ వేరే పని చూపించడం మన మగవాళ్లకు తెలిసిన కథ. నర్సులకు కూడా జరిగింది. 2015లో కొచ్చిలో బయటపడ్డ కేసులో ఇరవై వేల లోపు తీసుకోవాల్సిన రుసుముకు ఒక సంస్థ ఒక్కో నర్సు నుంచి ఇరవై లక్షల దాకా లాగింది. ఆ ఏడాదే కేంద్రం పద్దెనిమిది దేశాలకు నర్సుల నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారా జరగాలని ఆదేశించింది, ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా అనుమతి తప్పనిసరి చేసింది. లైసెన్సు ఉన్న ఏజెంటైనా తీసుకోగలిగేది 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. అంతకు మించి ఒక్క రూపాయి అడిగినా వెనక్కి రండి. పుస్తెలతాడు కుదువ పెట్టి వెళ్లిన నర్సు అక్కడ పని బాగాలేకపోయినా మానలేకపోతుంది. అప్పు లేని నర్సే ఒప్పందం చదివి బేరమాడగలుగుతుంది. అమెరికాలో ఒక సంస్థ, మధ్యలో మానేసిన ఫిలిప్పీన్స్ నర్సులు 25 వేల డాలర్లు కట్టాలని ఒప్పందంలో రాసుకుంది. ఆ షరతు చట్టవిరుద్ధమని న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 2019లో తీర్పిచ్చింది. ఆ తీర్పు కోర్టుకెక్కిన నర్సుల ధైర్యం వల్ల వచ్చింది. కానీ సంతకం పెట్టేముందే చదివి ఉంటే కోర్టు దాకా వెళ్లే అవసరం ఎందుకొస్తుంది?

కొందరు పెద్దలు నన్ను అడుగుతారు, ఇక్కడి దవాఖానల్లోనే నర్సులు చాలడం లేదు, పిల్లల్ని బయటికి వెళ్లమని చెప్పడం న్యాయమేనా అని. న్యాయమైన ప్రశ్న. ఒకే నర్సు నైట్ షిఫ్టులో ముప్పై మంచాలు చూస్తున్న వార్డును నేను చూశాను. దానికి పరిష్కారం ఆ నర్సును కట్టేసి ఉంచడం కాదు, ఖాళీలు నింపడం, కాంట్రాక్టు పిల్లలకు పర్మినెంటు వాళ్లతో సమానంగా జీతమివ్వడం. గౌరవం లేక వెళ్లిపోయే నర్సు తిరిగి రాదు, నేర్చుకోవాలని వెళ్లిన నర్సు తిరిగొస్తుంది. ఆ తేడా మన దవాఖానల చేతుల్లోనే ఉంది.

చివరగా ఇంటి సంగతి, ఎందుకంటే చాలా ప్రయాణాలు ఆగిపోయేది ఇంటి గడప దగ్గరే. పెళ్లయిన పిల్ల, చంటిబిడ్డ తల్లి వెళ్లొచ్చా అని అత్తమామలు అడుగుతారు. దేశాన్ని బట్టి జవాబు మారుతుంది. ఇంగ్లండ్‌లో నర్సు వీసా మీద వెళ్లినవాళ్లు భర్తనూ పిల్లల్నీ తీసుకెళ్లొచ్చు. జర్మనీలో గుర్తింపు వచ్చి నిలదొక్కుకున్నాక పిలిపించుకోవచ్చు, అక్కడ భర్త పని కూడా చేసుకోవచ్చు. గల్ఫ్‌లో జీతాన్ని బట్టి ఉంటుంది, చాలా దవాఖానలు నర్సులకు హాస్టల్ మాత్రమే ఇస్తాయి. కాబట్టి కాగితం చేతికొచ్చినప్పుడు జీతం అంకె ఒక్కటే చూడకండి. వారానికి ఎన్ని గంటలు, ఏ వార్డు, ఏడాదికి ఎన్ని సెలవులు, రానూపోనూ టికెట్ ఎవరిది, ఇల్లు ఎవరిస్తారు, మధ్యలో మానేస్తే ఏమవుతుంది. ఇవన్నీ రాసి ఉన్నాయా లేదా అని వేలు పెట్టి వెతకండి. ఇంగ్లిష్ అర్థం కాకపోతే తెలిసిన టీచరుతోనో, వకీలుతోనో తెలుగులో చెప్పించుకుని, భర్త, అత్తమామలు, అమ్మానాన్నలు అందరూ ఒకచోట కూర్చుని విని, అప్పుడు సంతకం పెట్టండి. టామ్‌కామ్ వాళ్ల ప్రకటనలు ఎప్పటికప్పుడు పత్రికల్లో, వాళ్ల వెబ్‌సైటులో వస్తాయి. పేరు నమోదు చేసుకోవడానికి మధ్యవర్తి అక్కర్లేదు.